ఎడారిలో బెడూయిన్ పిల్లలకు బడి: ఏం చూసుకోవాలి?

ప్రశ్న: నమస్కారం అండి. ఉద్యోగరీత్యా కైరోలో ఉంటున్నాను. దక్షిణ సినాయ్‌లో నువైబా వైపు ఒక వాడీలో (వానలప్పుడే నీరు పారే ఎండు లోయ) పాతిక బెడూయిన్ కుటుంబాలు (ఎడారి అరబ్ తెగలవాళ్లు) తెలుసు, దగ్గర్లో బడి లేదు. మేమే నడుపుకుంటాం, గదికి సాయం చేయమంటున్నారు. సిమెంటుతో కట్టాలా, రేకుల షెడ్డు చాలా?

జవాబు: గది గురించి తర్వాత చూద్దాం అన్నా, ముందు చదువు చెప్పేదెవరు? నైలు లోయ నుంచి వచ్చే టీచర్లు ఎడారిలో నిలబడటం కష్టం, పైగా యాస వేరు, కైరోలో ‘అహ్వా’ అనే కాఫీని అక్కడ ‘గహవా’ అంటారు, ఆరేళ్ల పిల్లకి ఆ తేడా చిన్నది కాదు. ఆ తెగలోనే చదువుకున్న అమ్మాయి ఒక్కరున్నా చాలు. ఈజిప్టులోనే 1992లో అస్యూత్, సొహాగ్, కెనా పల్లెల్లో యూనిసెఫ్‌తో కలిసి కమ్యూనిటీ బడులు ఇలాగే మొదలుపెట్టారు: చోటు ఊరివాళ్లది, పుస్తకాలు, జీతాలు విద్యాశాఖవి, పాఠాలు చెప్పింది శిక్షణ పొందిన స్థానిక యువతులు. ఒకే గదిలో అన్ని తరగతులూ. విద్యాశాఖ లెక్కలోకి ఎక్కడం మాత్రం మొదటిరోజు నుంచే చూసుకోండి, లేకపోతే పిల్లలు పరీక్ష రాసే దారి ఉండదు.

ప్రశ్న: మరి గది?

జవాబు: వాడీ అడుగున మాత్రం వద్దు, ఎక్కడో కొండల్లో వాన పడితే ఇక్కడ క్షణాల్లో వరద వస్తుంది. ఎత్తు చోటు చూడండి. ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంకులో, జెరూసలేం, జెరికోల మధ్య ఖాన్ అల్ అహ్మర్ అనే ఊళ్లో జహాలీన్ తెగ బెడూయిన్లకు కట్టడానికి అనుమతి దొరకదు, అందుకే 2009లో పాత టైర్లలో మట్టి కూరి బడి కట్టుకున్నారు, ఆ గోడలు ఎండను బాగా ఆపుతాయి. కానీ కూల్చివేత ఉత్తర్వు వెంటాడుతూనే ఉంది, 2018లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు కూడా కూల్చడానికి ఒప్పుకుంది. ఆ పిల్లల్ని తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. కాబట్టి మీరు స్థలం కాగితాలు ముందే చూసుకోండి.

ఇంకోటి, మేకల్ని మేపేది ఎక్కువగా ఆడపిల్లలే. బడి వేళలు తల్లులతో మాట్లాడి పెట్టండి, తెగ పెద్ద, అంటే షేక్ ఒక్కడు సరేనంటే సరిపోదు.

ప్రశ్న: ఆడవాళ్లతో నేను మాట్లాడలేను కదండీ. ఈసారి మా ఆవిడని తీసుకెళ్తాను, తనకి అరబ్బీ కొంచెం వచ్చు. వచ్చాక ఇక్కడే రాస్తాను.