చెప్పకుండా ఒక్కదాన్నే బీచ్‌కి వెళ్తే తప్పా?

ఎంవీపీ_పిల్ల:
నాకు 29, నా పార్ట్‌నర్‌కి 31. రెండేళ్ళుగా ఎంవీపీ కాలనీలో ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఓనర్ ఆంటీ లెక్కలో తను మా పెద్దమ్మ కూతురు. ఒకే స్కూటీ, ఒకే చార్జర్, ఆఖరికి కొబ్బరినూనె సీసా కూడా ఒకటే. మొదట్లో ఇదంతా ముద్దుగానే ఉండేది.

పోయిన ఆదివారం పొద్దున్నే చెప్పకుండా తెన్నేటి పార్కుకి వెళ్ళిపోయాను. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, కింద రాళ్ళకి అలలు కొట్టుకోవడం చూస్తూ గంటన్నర కూర్చున్నా. లేచి చూస్తే 14 మిస్డ్ కాల్స్. ఇంటికొచ్చేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో అట్లకాడ, దానికి పిండి ఎండిపోయి అతుక్కుంది. "నా మీద కోపమా?" అంది. కోపం కాదు, ఊపిరాడక వెళ్ళా. ఆ మాట నోటికి రాలేదు. తనని వదిలి ఉండలేను. కానీ రోజుకో గంట నా మానాన నన్ను వదిలెయ్ అని ఎలా అడగాలి?

గాజువాక_అక్క:
చెల్లీ, మాది పదకొండేళ్ళ కాపురం. సగం తప్పు ఆ పెద్దమ్మ కూతురి కథది. గొడవైతే మొగుడూ పెళ్ళాలకి వదినో, పక్కింటావిడో ఉంటారు చెప్పుకోడానికి. మీ ఆవిడకి వదినవీ నువ్వే, పక్కింటావిడవీ నువ్వే. 1980ల్లో అమెరికా థెరపిస్టులు కొందరు లెస్బియన్ జంటలు ఇలా ఒకరిలో ఒకరు కలిసిపోవడానికి 'ఫ్యూజన్' అని పేరుపెట్టి, అదో సమస్యన్నారు. తర్వాత కొందరు కాదన్నారు: బయట జంటగా ఎవరూ ఒప్పుకోకపోతే ఇద్దరూ దగ్గరకి ముడుచుకుంటారు, అది జబ్బెలా అవుతుందని. నాకు ఈ మాటే నిజమనిపిస్తుంది. ముందు తనకి నువ్వు కాక ఇంకో మనిషి కావాలి, నిజం తెలిసిన మనిషి. మా ఆవిడ శనివారాలు స్నేహితురాలితో సింహాచలం మెట్లెక్కుతుంది. నాకు మోకాళ్ళ నొప్పులని చెప్పా. నొప్పీ లేదు, పాడూ లేదు.

ఉప్పుగాలి:
వెళ్ళడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. "ఎనిమిదికల్లా వస్తా" అని ఒక మెసేజ్ పెడితే పోయేది. డబ్బులు కూడా కలిపేశారా? జీతం ఎవరి ఖాతాలో వాళ్ళకి ఉండనివ్వండి, అద్దెకీ సరుకులకీ జాయింట్ అకౌంట్ చాలు. 2023లో సుప్రీంకోర్టు పెళ్ళి హక్కు ఇవ్వలేదు గానీ, మనలాంటి జంటలు జాయింట్ ఖాతా తెరవొచ్చని, ఒకర్నొకరు నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖే చెప్పింది.

ఎంవీపీ_పిల్ల:
నిన్న రాత్రి చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నా. కాసేపు ఫ్యాన్ వంక చూసి, "రెండు గంటలు తీసుకో, వచ్చేటప్పుడు కొత్తిమీర తే" అంది. రెండో స్కూటీ మాట ఇంకా ఎత్తలేదు.