నాయనకు ఆపరేషన్ చేసి వృషణం తీసేశారు, మళ్ళీ కీమో ఎందుకంటే ఎవరూ సరిగా చెప్పడం లేదు

అడిగినవారు (అనంతపురం): రాత్రంతా ఫోన్లో వెతికి తల వాచిపోయింది. మా నాయనకు వృషణం వాస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. ముక్క పరీక్షలో లింఫోమా (తెల్లరక్తకణాల క్యాన్సర్) అని వచ్చింది. రోగం ఉన్నదాన్ని తీసేశాక ఇంకేముంటుంది? ఇప్పుడు కీమో అంటున్నారు, వెన్నులో సూది అంటున్నారు, బాగున్న రెండోదానికి కూడా కరెంటు పెట్టాలట! ఇదంతా అవసరమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ల్యాబ్ మనిషి: వయసెంత? ఏ రకం లింఫోమా? ఐహెచ్‌సీ (ముక్కలోని కణాల రకం తేల్చే పరీక్ష) రిపోర్టు వచ్చిందా? ఇవి లేకుండా ఏం చెప్పాలి?

కడప పెద్దాయన: మనవైపు ఇది మామూలైపోయింది. వాపు కనిపిస్తే వరిబీజం అనుకొని, నొప్పి లేదు కదా అని పంచె చాటున దాచుకొని తిరుగుతారు. నొప్పి లేకుండా గట్టిగా వాచిందంటేనే స్కానింగ్‌కు పరిగెత్తాలి. సిగ్గుపడి ఆలస్యం చేయొద్దని ప్రతి ఊళ్ళో చెప్పాలి. ఇంకో మాట, అనుమానం ఉంటే సంచిలోకి సూది గుచ్చి ముక్క తీయకూడదు. గజ్జల దగ్గర కోసి మొత్తం తీయాలి.

ల్యాబ్ మనిషి: అది అయిపోయింది పెద్దాయనా. ఆయన అడిగింది వేరే.

అడిగినవారు: నాయనకు 67 ఏళ్ళు. కాగితంలో డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ (లింఫోమాలో ఒక రకం), సీడీ20 (కణం మీద ఉండే ఒక గుర్తు) పాజిటివ్ అని ఉంది.

ఇంకొకరు (నంద్యాల): మా చిన్నాయన కొడుక్కూ వృషణ క్యాన్సరే. తీసేసి ఊరికే చెకప్‌లకు రమ్మన్నారు. కీమో లేదు ఏం లేదు. మీరు ఇంకో డాక్టర్‌ను చూడండి.

కర్నూలు నర్సు: దయచేసి రెంటినీ కలపొద్దు. కుర్రవాళ్ళకు ఎక్కువగా వచ్చేది సెమినోమా లాంటి వేరే రకం క్యాన్సర్. 60 దాటాక వృషణంలో గడ్డ అంటే ఎక్కువగా లింఫోమానే. ఇది రక్తకణాల జబ్బు, ఒక్కచోట ఆగదు. అన్నా, మెదడుకున్నట్టే వృషణానికీ ఒక కంచె ఉంటుంది. నరంలో ఎక్కించిన మందు అక్కడికి సరిగా చేరదు. అందుకే ఏళ్ళ తర్వాత కూడా మెదడులోనో రెండో వృషణంలోనో తిరగబెడుతుంది. ఆర్-చాప్ (రిటుక్సిమాబ్‌తో పాటు ఇంకో నాలుగు మందులు) కీమో 21 రోజులకొకటి, సాధారణంగా 6 సార్లు. మెదడు కోసం వెన్నులో మెథోట్రెక్సేట్ అనే కీమో మందు. రెండోదానికి 25 నుంచి 30 గ్రే (రేడియేషన్ కొలత) రేడియేషన్. 2011లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశోధనలో తొలి దశల్లో ఉన్న 53 మందికి ఈ మూడూ ఇస్తే, 5 ఏళ్ళ తర్వాత సుమారు 85 శాతం మంది బతికే ఉన్నారు. ఒక్కటీ మానొద్దు.

ల్యాబ్ మనిషి: వెన్నులోనే అక్కర్లేదు. మెథోట్రెక్సేట్ పెద్ద డోసు నరంలోనూ ఇస్తారు.

కర్నూలు నర్సు: ఇస్తారు, కిడ్నీలు బాగుంటే. 67 ఏళ్ళ మనిషికి అది డాక్టర్ తేల్చాలి.

ల్యాబ్ మనిషి: నేనూ అదే అంటున్నా. రెంటిలో ఏది మేలో ఇంకా వాదన ఉంది.

కర్నూలు నర్సు: అన్నా, రిటుక్సిమాబ్ మొదలుపెట్టకముందే హెపటైటిస్ బి పరీక్ష, గుండెకు ఎకో చేశారా? కామెర్ల వైరస్ లోపల దాగుంటే ఆ మందుతో పైకి లేస్తుంది. తప్పకుండా అడగండి.

కడప పెద్దాయన: ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు కూడా పట్టుకుపోండి. ఏవేవి వర్తిస్తాయో ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

అడిగినవారు: ఎకో చేశారు. హెపటైటిస్ సంగతి తెలీదు, ఫైల్ చూడాలి. రేపు పెట్ స్కాన్‌కు బెంగళూరు పోతున్నాం. థ్యాంక్స్ అక్కా.

ఇంకొకరు (నంద్యాల): రేడియేషన్ పెడితే మగ హార్మోన్ తగ్గిపోతుందా? మా బంధువుల్లో ఒకాయన అడుగుతున్నారు.