రష్యన్‌లో ఆకాశం, అంగిలి, పరలోకం అన్నిటికీ ఒకటే మాటా?

వోల్గా_ఒడ్డున:
నేను రష్యాలో ఎంబీబీఎస్ మూడో ఏడు. క్లాసులు ఇంగ్లిష్‌లోనే గానీ వార్డులో రష్యన్ తప్పదు. మొన్న ఈఎన్‌టీ పోస్టింగులో ఒక పెద్దావిడ కేస్ షీటు చదవమన్నారు, అందులో "మెత్తని న్యేబో ఎర్రగా ఉంది" అని ఉంది. నాకు తెలిసిన న్యేబో ఆకాశం! మెత్తని ఆకాశం ఎర్రబడటమేంటో తెలియక టెన్షన్‌లో అలాగే నిలబడిపోయాను. మేడమ్ నవ్వి, అది న్యోబో, అంటే అంగిలి, రాసేటప్పుడు అక్షరం మీద రెండు చుక్కలు ఎవరూ పెట్టరు అన్నారు. సరే అనుకుంటే, ఆదివారం హాస్టల్ పక్కన చర్చిలో ప్రభువు ప్రార్థనలో "నెబెసేఖ్" అని వినిపించింది, అదీ ఇదే మాటట. మన తెలుగు బైబిల్లో ఆదికాండం మొదట్లో భూమ్యాకాశాలు, ప్రార్థనలో మాత్రం "పరలోకమందున్న మా తండ్రీ", రెండూ వేరు కదా. రష్యన్, పోలిష్, చెక్ లాంటి స్లావ్ భాషలన్నిటా ఆకాశం, స్వర్గం ఒకటేనా?

పాత_నిఘంటువు:
ఆ మాట మీకు చిన్నప్పటినుంచీ తెలుసు. నభస్సు! నభోమండలం, నభోవాణి అంటామే, అదే. రష్యన్ ఏకవచనం న్యేబోలో చివరి సకారం కనబడదు, బహువచనం "నెబెసా" అనగానే బయటపడుతుంది, మీరు చర్చిలో విన్నదాంట్లోనూ అదే ఉంది. "స్లోవో" (మాట) కూడా ఇంతే, దాని పాత బహువచనం "స్లోవెసా", సంస్కృతంలో శ్రవస్. ఇంద్రుడి గుర్రం ఉచ్చైశ్రవంలో ఉన్న శ్రవస్సే.

అసలు అర్థం ఆకాశం కూడా కాదు, మబ్బు. గ్రీకులో నెఫోస్ అంటే మబ్బు, జర్మన్‌లో నేబెల్ అంటే పొగమంచు. మన పాత లెక్కలో శ్రావణానికి నభస్, భాద్రపదానికి నభస్య అని పేర్లున్నాయి, రెండూ వాన నెలలే. మబ్బు కాస్తా మబ్బుండే చోటయింది, ఆ తర్వాత దేవుడుండే చోటయింది.

అంగిలి గొడవ ఇంకా బాగుంటుంది. రష్యన్ జనం నోట్లో ఈ మాట సహజంగా మారితే "న్యోబో" అవ్వాలి, అయింది కూడా. కానీ ఆకాశం మాట చర్చి భాషలో రోజూ వినబడేది కాబట్టి పాత పలుకుబడి "న్యేబో" ఆకాశానికి అతుక్కుపోయింది, సొంత ఉచ్చారణ పోయి నోటి పైకప్పు మీద పడింది. ఎలాగూ యశోదమ్మకి నోట్లోనే అన్నీ కనబడ్డాయి కాబట్టి మనం అభ్యంతరం చెప్పే పని లేదు.

వ్రోత్సువాఫ్_బావ:
పోలండ్‌లో ఉంటాను. ఇక్కడ "న్యెబో" అనే ఒక్క మాటే రెండిటికీ, కానీ ముందొచ్చే చిన్న ముక్కతో తేడా చూపిస్తారు. విమానం "నా న్యెబ్యె", అంటే ఆకాశం మీద. చనిపోయిన బామ్మ "వ్ న్యెబ్యె", అంటే లోపల. నేను మొదట్లో ఒకసారి తారుమారు చేసి విమానాన్ని స్వర్గానికి పంపించేశాను, ఆఫీసులో అందరూ నవ్వారు.
ఇంకోటి, "న్యెబ్యెస్కి" అంటే నీలం, మన అమ్మమ్మలు ఆకాశం రంగు చీర అన్నట్టే. అదే మాటకి పరలోకపు అనే అర్థం కూడా ఉంది కాబట్టి పరలోకరాజ్యం వినడానికి నీలం రాజ్యంలా ఉంటుంది. "న్యెబ్యెస్కి ప్తాక్" అంటే నీలం పిట్ట అనుకునేరు, పని చెయ్యకుండా పక్కవాడి మీద పడి తినేవాణ్ణి అంటారు. సువార్తలో విత్తని, కోయని ఆకాశపక్షులే ఇలా తిట్టయ్యాయి! అంగిలిని "ఆకాశం కిందిది" అన్నట్టు పిలుస్తారు, మీ మేడమ్‌కి చెప్పండి.

విశ్వమూలం99:
స్లావుల పాత దేవుడు స్వరోగ్ మన స్వర్గమే కదా, ఎవరూ చెప్పరేం?

పాత_నిఘంటువు:
ఆ ఊహ పాతదే, కానీ నిలబడదు బ్రో. స్వర్గ అంటే స్వర్‌కి, అంటే వెలుగుకి చేరేది. ఆ స్వర్‌కి స్లావ్ బంధువు కావాలంటే సూర్యుడి మాట "సోన్‌త్సె" చూడండి. ఇక స్వరోగ్, 1114 నాటి సంగతుల కింద రూస్ అనే పాత స్లావ్ రాజ్యపు చరిత్ర గ్రంథం ఒకదాంట్లో గ్రీకు కమ్మరి దేవుడు హెఫైస్తోస్‌కి బదులు పేరుగా వస్తాడు. కొలిమి దగ్గర ఉండాల్సినవాణ్ణి స్వర్గానికి లాక్కెళ్ళడం ఎందుకు?

బ్రనో_నుంచి:
చెక్‌లో ఇంకో దారి. "నెబె" ఉంది, ఆకాశానికీ పరలోకానికీ వాడతారు, కానీ చూసే ఆకాశానికి "ఒబ్లోహా" అనే వేరే మాట కూడా ఉంది, పక్కన స్లోవాక్‌లోనూ అంతే. తమాషా ఏంటంటే హోటల్ మెనూలో కూడా ఒబ్లోహా కనబడుతుంది, ప్లేటులో మాంసం పక్కన పెట్టే నాలుగు టమాటా ముక్కలూ ఒక ఆకూ. వచ్చిన కొత్తలో అది చదివి ఆకాశం ఎంతకి అమ్ముతున్నారో అనుకున్నా.

వోల్గా_ఒడ్డున:
థాంక్యూ అండీ అందరికీ. మరి "రాయ్" అంటే స్వర్గం అని పుస్తకంలో ఉంది, అదెక్కడిది?

పాత_నిఘంటువు:
మంచివాళ్ళు చచ్చాక వెళ్ళేదీ, ఆదాము హవ్వలున్న తోటా రాయ్. ఇరాన్ వైపు భాషలనుంచి వచ్చిందంటారు, అదే నిజమైతే వేదంలో సంపద అనే అర్థమున్న "రయి"కి చుట్టం. పేషెంట్ల నోట రోజూ వినాలంటే సామెత ఒకటుంది, ఇష్టమైనవాడు పక్కనుంటే గుడిసెలోనైనా రాయ్ అని. ఆ పెద్దావిడని అడగండి, మొత్తం చెప్తుంది, గొంతు నొప్పి తగ్గాక.