అమ్మ రిపోర్టులో హెర్2 "2+", కేఐ-67 రెండు ల్యాబుల్లో రెండు రకాలు. ఏది నమ్మాలి?

నిమ్మతోట_పొదలకూరు:
అందరికీ నమస్కారం. మాది పొదలకూరు దగ్గర పల్లె. అమ్మకి 57 ఏళ్ళు, బహిష్టులు ఆగిపోయి ఆరేడేళ్ళయింది. కుడి రొమ్ములో క్యాన్సర్ గడ్డకి మూడు వారాల కింద నెల్లూరులో ఆపరేషన్ చేశారు. గడ్డ 2.4 సెంటీమీటర్లు, గ్రేడ్ 2, చంకలో తీసిన 14 నోడ్లలో (లింఫ్ గ్రంథులు) ఒకదాంట్లో ఉందన్నారు. గడ్డ కణాల్లో చూసే ప్రోటీన్లలో ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌ని పట్టుకునేది) 8/8, పీఆర్ (ప్రొజెస్టరాన్‌ని పట్టుకునేది) 3/8, హెర్2 (కణాన్ని పెరగమనేది) 2+. నన్ను తినేస్తున్నది మాత్రం కేఐ-67, అంటే కణాలు ఎంత జోరుగా పెరుగుతున్నాయో చెప్పే అంకె. ముందు సూదితో తీసిన ముక్కలో 12% అని రాశారు, ఆపరేషన్ తర్వాత వేరే ల్యాబ్‌లో 25% వచ్చింది. మధ్యలో గడిచింది పదిహేను రోజులే, ఆ కాస్తలోనే జబ్బు రెండింతలయిందా?

చెన్నైలో ఉండే మామ, జబ్బు తిరగబెడుతుందో లేదో చెప్పే పెద్ద టెస్ట్ ఉంది, ఖర్చుకి చూడకుండా వెంటనే చేయించు అంటాడు. డాక్టర్ గారేమో ముందు హెర్2 సంగతి తేల్చే ఫిష్ టెస్ట్ రానీ అంటున్నారు. (ఫిష్ అనగానే అమ్మ "ఏం చేపరా?" అనింది. ఆపరేషన్ అయినాక ఇంట్లో అందరం నవ్వింది అప్పుడే.) అసలు ఈ ప్రోటీన్లలో ఏది చూసి మళ్ళీ వస్తుందో రాదో చెబుతారు?

ఒంగోలు_స్లైడు:
తమ్ముడూ, నేను ఒంగోల్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని, పదకొండేళ్ళుగా ఇదే పని. డాక్టర్‌ని కాదు కాబట్టి మందుల సంగతి నన్నడగొద్దు. కేఐ-67 ఎట్టా లెక్కపెడతారో తెలిస్తే నీ టెన్షన్ సగం దిగుతుంది. గడ్డ ముక్కని మైనంలో దించి బ్లాక్ చేసి, 3-4 మైక్రాన్ల మందాన, అంటే ఉల్లిపొరకన్నా పల్చగా కోసి స్లైడు మీద పరుస్తాం. రంగు వేశాక, విభజన పనిలో ఉన్న కణాల కేంద్రకాలు గోధుమరంగులో కనపడతాయి, మిగతావి నీలంగా ఉంటాయి. క్యాన్సర్ కణాలు వందలో గోధుమవి ఎన్నో అదే ఆ శాతం.

తిరకాసంతా ఇక్కడే. ఒకే గడ్డలో అంచున గోధుమరంగు దట్టంగా ఉండి నడిమధ్య నాలుగు చుక్కలే ఉండొచ్చు. ఒక డాక్టర్ దట్టంగా ఉన్న చోటే లెక్కపెడతారు, ఇంకొకరు నాలుగైదు చోట్ల చూసి సగటు వేస్తారు. సూది ముక్క చూస్తే అగ్గిపుల్లంత ఉంటుంది, గడ్డలో ఏ మూల తగిలిందో ఎవరికి తెలుసు. 12కీ 25కీ తేడా జబ్బు పెరిగినందువల్లే వచ్చిందని నేనైతే అనుకోను.

ఇంకో సంగతి. తీసిన గడ్డ గంటలోపు ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) పడాలి, 6 నుంచి 72 గంటలు అందులో ఉండాలి. మాకు వచ్చే డబ్బాల్లో కొన్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది: ఇంత పెద్ద గడ్డ, అడుగున రెండు గరిటెల ఫార్మలిన్. అట్టాంటి ముక్కలో ఈఆర్ లేదని వస్తే నేను నమ్మను, మళ్ళీ చూడమంటాను. మీ అమ్మగారికి 8 వచ్చింది కాబట్టి ఆ అనుమానం అక్కర్లేదు.

పాథాలజీ_పీజీ:
పై అన్న చెప్పింది సరిగ్గా ఉంది. మీ రిపోర్టులో 8/8 అంటే ఎన్ని కణాల్లో ఈస్ట్రోజన్ రిసెప్టార్ ఉందన్నదానికి 5, రంగు ఎంత గట్టిగా పట్టిందన్నదానికి 3. అదే గరిష్ఠం. హార్మోన్ మాత్రలు బాగా పనిచేసే రకం. పీఆర్ 3 అంటే ఉంది కానీ బలహీనంగా ఉంది, పీఆర్ గట్టిగా ఉన్నవాళ్ళతో పోలిస్తే కాస్త తక్కువ అనుకూలం, అంతే.

హెర్2లో 0, 1+ అయితే నెగటివ్, 3+ అయితే పాజిటివ్. 2+ అంటే ల్యాబ్ "మాకు తేలలేదు" అని ఒప్పుకోవడం. ఫిష్‌లో ఆ ప్రోటీన్‌ని తయారుచేసే జన్యువు ప్రతులు ఎక్కువగా ఉన్నాయా అని నేరుగా చూస్తారు. అది తేలకుండా ఇంకే టెస్టుకీ డబ్బు కట్టొద్దు, ఎందుకంటే మీ మామ చెప్పే టెస్టులు హెర్2 నెగటివ్ వాళ్ళ కోసమే. పాజిటివ్ వస్తే దారే వేరు.

కేఐ-67 గురించి అంతర్జాతీయ నిపుణుల బృందమే తేల్చి చెప్పింది, ఇలాంటి గడ్డల్లో 5% లేదా అంతకన్నా తక్కువ, 30% లేదా అంతకన్నా ఎక్కువ వస్తేనే కీమో నిర్ణయానికి నమ్మదగ్గదని. మీ రెండు అంకెలూ మధ్యలోనే పడ్డాయి. ఆ పేరు కూడా తమాషాగా వచ్చింది, కేఐ అంటే జర్మనీలో కీల్ అనే ఊరు, 67 అంటే పరీక్ష ప్లేటులో ఆ యాంటీబాడీ దొరికిన గుంట నంబరు.

మీ మామ చెప్పే టెస్టుల్లో రెండు రకాలున్నాయి. ఆంకోటైప్ 21 జన్యువుల పనితీరు చూస్తుంది, ఖర్చు లక్షల్లో. మెనోపాజ్ దాటి, చంకలో 1 నుంచి 3 నోడ్లలో ఉండి, అందులో స్కోరు 25 లోపు వచ్చినవాళ్ళకి కీమో వల్ల అదనపు లాభం కనపడలేదని పెద్ద ట్రయల్‌లో తేలింది. రెండోది బెంగళూరులో తయారైన కెన్ అసిస్ట్, మీరడిగిన ప్రోటీన్ల టెస్ట్ ఇదే. సీడీ44, ఎన్-క్యాడ్హెరిన్, పాన్-క్యాడ్హెరిన్, ఏబీసీసీ4, ఏబీసీసీ11 అనే అయిదింటికీ రంగు వేసి చూసి, గడ్డ సైజు, గ్రేడ్, నోడ్లు కలిపి స్కోరు ఇస్తారు. 15.5 దాటితే హై రిస్క్, లేకపోతే లో రిస్క్. అది చెప్పేది అయిదేళ్ళలో వేరే అవయవానికి పాకే అవకాశం గురించి. లో రిస్క్ వచ్చినా మాత్రలు మానేది లేదు, ఈఆర్ ఉన్న క్యాన్సర్ అయిదేళ్ళు దాటాక కూడా తిరగబెట్టొచ్చు.

సూళ్ళూరుపేట_బాబాయ్:
ఇన్ని ఎందుకు, రక్తంలో క్యాన్సర్ జాడ చూసే సీఏ 15-3 టెస్ట్ చేయిస్తే సరిపోతుంది కదా? మా పక్కింటావిడ ప్రతి మూడు నెలలకీ చేయించుకుంటుంది.

పాథాలజీ_పీజీ:
సరిపోదండీ. లివర్ జబ్బులున్నా అది పెరుగుతుంది, మొదట్లోనే పట్టుకున్న క్యాన్సర్లలో చాలాసార్లు నార్మల్‌గానే ఉంటుంది. ఏ లక్షణాలూ లేనివాళ్ళకి ఊరికే చేయించొద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మూడు నెలలకోసారి పడే దిగులు ఒకటి అదనం.

కావలి_అక్క:
అబ్బయ్యా, నాకు 2017లో హెర్2 3+ వచ్చింది. అప్పట్లో అదే చెడ్డ రకమని ఎవరో అంటే మా ఆయన అన్నం మానేశాడు. ఆ ప్రోటీన్‌ని పట్టుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ ఉందని తర్వాత తెలిసింది. మన దేశంలో చేసిన రకం వచ్చాక రేటు తగ్గింది. మూడు వారాలకోసారి, ఏడాది పాటు, మధ్యలో మూడు నెలలకోసారి గుండెకి ఎకో. పినాకిని రైల్లో చెన్నై పోయి వచ్చేదాన్ని. ఫిష్ పాజిటివ్ వచ్చినా బెంబేలెత్తొద్దు, దానికీ మందుంది. అమ్మని బాగా తిననీ.

నిమ్మతోట_పొదలకూరు:
తొమ్మిది రోజుల తర్వాత వచ్చినా, ఏమనుకోవద్దు. ఫిష్ నెగటివ్, రేషియో 1.3. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకొని డాక్టర్ గారి దగ్గరకి పోయినాను. ఆయన చదివి, కేఐ-67 గొడవ పక్కన పెట్టి బ్లాక్ బెంగళూరు పంపిద్దాం, ఫలితం చూసి కీమో సంగతి మాట్లాడదాం అన్నారు. మామకి ఫోన్ చేసి చెబితే రెండు నిమిషాలు అలిగి, సరేలే అన్నాడు. కాకపోతే బ్లాక్ ఇంకో ల్యాబ్‌లో ఉంది, నేనే పోయి తెచ్చివ్వాలంట. ఇస్తారా అన్నా?

ఒంగోలు_స్లైడు:
ఇస్తారు. డాక్టర్ లెటరు, మీ అమ్మగారి ఆధార్ జిరాక్స్ పట్టుకుపో. బ్లాక్ మీద రాసిన నంబరు రిపోర్టులో నంబరుతో కలిసిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకో, ఇంటికొచ్చాక కాదు. గడ్డ ఉన్న బ్లాక్ కావాలని అడుగు, చంక నోడ్లవి ఇచ్చేస్తారు ఒక్కోసారి. బైక్ డిక్కీలో మాత్రం పెట్టొద్దు, ఈ ఎండలకి మైనం మెత్తబడుద్ది. చొక్కా జేబులో వేసుకొనిరా.