పాత ల్యాప్‌టాప్‌ల 95 శాతం రివ్యూలున్న గేమ్‌లు నడుస్తయా?

హన్మకొండ_ప్లేయర్2:
అన్నలూ, జర సలహా కావాలె. ల్యాప్‌టాప్ ఐ5 నాలుగో తరం, 8 జీబీ ర్యామ్, ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ ఇంటెల్ హెచ్‌డీ 4600, వేరే గ్రాఫిక్స్ కార్డు లేదు, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. బ్యాటరీ ఖతం, చార్జర్ మీదనే నడుస్తది. నెట్ ఫోన్ హాట్‌స్పాటే, రోజుకు 2 జీబీ. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌ల రివ్యూలు 95 శాతం పైనున్నవి చూసి కొందామనుకుంటున్న. విచర్ 3 కొనొచ్చా? ఇంకోటి, ఇప్పటికే ఉన్న హోలో నైట్ మొదటి పది పదిహేను నిమిషాలు మంచిగనే పోతది, తర్వాత ఆగి ఆగి నడుస్తది. గంత మంచి రివ్యూలున్న గేమ్ గిట్లెందుకు చేస్తది?

కాజీపేట_లోకో:
విచర్ 3 వద్దు తమ్మీ. 2015ల వచ్చినప్పుడే కనీసం జీటీఎక్స్ 660 కార్డు అడిగింది. 2022 డిసెంబర్ అప్‌డేట్ తర్వాత ఇంకా బరువైంది. స్టీమ్‌ల ఆ గేమ్ ప్రాపర్టీస్‌ల బీటాస్ కింద పాత 1.32 వెర్షన్ ఎంచుకోవచ్చు గని, అది పెట్టుకున్నా హెచ్‌డీ 4600 మీద ఆడదగ్గ వేగం రాదు. పైగా 50 జీబీ. నీ డేటాతోని నెల రోజులు దించాలె.

ఏ గేమ్ కొన్నా రిఫండ్ షరతులు గుర్తుంచుకో: కొన్న 14 రోజుల లోపల, ఆడిన సమయం 2 గంటలు దాటకముందే అడగాలె. స్టీమ్ సపోర్ట్‌ల పర్చేజెస్, ఆ గేమ్, కారణం, రిఫండ్ రిక్వెస్ట్, అంతే. గేమ్ తెరిచిపెట్టి అన్నం తినపోతే ఆ సమయం గూడ లెక్కలకు వస్తదని మర్చిపోకు. పైసలు కట్టిన దారిలనే వాపస్ పంపలేకపోతే స్టీమ్ వాలెట్ల వేస్తరు. కొన్న మూడో రోజు సేల్ వచ్చిందనుకో, రిఫండ్ తీసుకొని తక్కువ ధరకు మళ్లీ కొనుక్కోవచ్చు, దాన్ని వాళ్లు తప్పు కింద పట్టరు. యూపీఐతోని కట్టినప్పుడు పెండింగ్ అని చూపిస్తే వెంటనే రెండోసారి కట్టకు, ముందు అకౌంట్ డీటెయిల్స్‌ల పర్చేజ్ హిస్టరీ చూడు.

పిక్సెల్_పాలకుర్తి:
ఆ 95 శాతం అంటే ఏంటిదో ముందు తెల్వాలె. అది నూటికి ఇన్ని మార్కులని కాదు. వందల 95 మంది బొటనవేలు పైకి చూపిన్రు, గంతే. "పర్వాలేదు, టైంపాస్" అన్నోడిది, "పదేండ్లల్ల ఇసొంటిది రాలే" అన్నోడిది ఒకటే ఓటు. స్టీమ్ ఇచ్చే అన్నిటికంటె పై పేరు, ఓవర్‌వెల్మింగ్లీ పాజిటివ్ అని రావాలంటే 95 శాతంతోపాటు కనీసం 500 రివ్యూలుండాలె. 98 శాతం ఉండి రివ్యూలు వందే ఉంటే దాని కింది పేరు వెరీ పాజిటివ్ కాడనే ఆగుతది. అందుకే పేరు చూసి కాదు, అంకె పక్కన రివ్యూలెన్నున్నయో చూడాలె.

ఇంకో కిటుకు ఉన్నది. ఫలానా రకం గేమ్ అంటే పడిచచ్చేటోళ్లే దాన్ని కొంటరు, వాళ్లే రివ్యూ రాస్తరు. చిన్న చిన్న కథల గేమ్‌లకు 98 శాతం సులువుగ వస్తది, అందరూ కొనే పెద్ద గేమ్‌కు 90 రావాలంటే చెమటలు పడతయి. నా లెక్కల పెద్ద గేమ్ 90 శాతమే గట్టిది.

మొత్తం రివ్యూలు వేరు, రీసెంట్ అంటే చివరి 30 రోజులవి వేరు. నో మ్యాన్స్ స్కై 2016ల వచ్చినప్పుడు జనం దుమ్మెత్తి పోసిన్రు. ఏండ్ల తరబడి ఉచిత అప్‌డేట్లు ఇచ్చి ఇచ్చి, 2024 నవంబర్‌ల గని మొత్తం లెక్క వెరీ పాజిటివ్‌కు రాలే. గేమ్ ఎప్పుడో బాగుపడ్డది, పాత ఓట్లే కిందికి గుంజినయి. హెల్‌డైవర్స్ 2ది ఇంకో తీరు. 2024 మేల ప్లేస్టేషన్ ఖాతా తప్పనిసరి అన్నందుకు రివ్యూలు కుప్పకూలినయి, ఆ నిర్ణయం వాపస్ తీసుకున్నరు. గేమ్ ఆటలో మారిందేం లేదు. అందుకని రివ్యూల మీదుండే గ్రాఫ్‌ల ఎర్ర గీత లేచిన నెల మీద నొక్కి, ఆ నెల రివ్యూలు నాలుగు చదువు. కోపం ఆట మీదనా, కంపెనీ మీదనా తెలుస్తది.

నీకు కావాల్సింది "నా మిషన్ల నడుస్తదా" అన్నది. ప్లేటైం ఫిల్టర్ పెట్టి ఎక్కువ గంటలు ఆడినోళ్లవి చూడు, నెగెటివ్ మాత్రమే పెట్టి చదువు, ఆ గేమ్ డిస్కషన్స్‌ల "హెచ్‌డీ 4600" అని కొట్టి వెతుకు. మెచ్చుకున్న రివ్యూల ల్యాప్‌టాప్ సంగతి ఎవడు రాస్తడు? వాళ్ల దగ్గర మంచి కార్డులుంటయి.

సోల్డరింగ్_సారు:
హోలో నైట్ సంగతి నేను చెప్త. మొదట మంచిగ నడిచి, పదిహేను నిమిషాలకు ఆగుతుందంటే గేమ్ తప్పు కాదు, వేడి. నాలుగో తరం ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గరికి పోంగనే తన వేగం తనే తగ్గించుకుంటది. మన వరంగల్ ఎండకాలం గది లోపలే 38 ఉంటే ఫ్యాన్ పీల్చేదే వేడిగాలి.

ముందు రుజువు చూసుకో. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం సెన్సార్లు మాత్రమే పెట్టి తెరిచి, గేమ్ ఇరవై నిమిషాలు ఆడి, గరిష్ఠ కాలమ్ చూడు. 95 దాటి ఉండి, థర్మల్ థ్రాట్లింగ్ వరుసల "యెస్" అని ఉంటే అదే జబ్బు.

పైస ఖర్చు లేని మందు: కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్, అందుల మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 100 ఉన్నది 99 చెయ్. ఒక్క శాతమే గదా అనుకోకు. 99 పెట్టంగనే టర్బో, అంటే ప్రాసెసర్ తన మామూలు వేగం దాటి ఉరుకుడు, బంద్ అయితది, వేడి గట్టిగ దిగుతది. ప్రాసెసరూ, లోపలి గ్రాఫిక్సూ ఒకటే పవర్ పంచుకుంటయి కాబట్టి, ఇది తగ్గితే అది నిలకడగ పనిచేస్తది. మనమాడే 2డి గేమ్‌లకు టర్బో లేకున్నా లోటుండది.

అటెంక కింది మూత తీసి ఫ్యాన్, రాగి పైపు చివరనున్న జాలీ చూడు. ఫ్యాన్‌కూ జాలీకీ నడుమ దుమ్ము బొంత లెక్క పేరుకుంటది, బయట నుంచి కనవడది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను పుల్లతోని ఆపి పట్టు, గిర్రున తిరగనిస్తే బేరింగ్ పోతది. ప్రాసెసర్‌కూ, దాని వేడి గుంజే లోహపు పలక హీట్‌సింక్‌కూ నడుమ ఉండే థర్మల్ పేస్ట్ ఏండ్ల కింద పెట్టిందైతే ఎండి సుద్ద అయి ఉంటది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి శనగ గింజంత పెట్టు. హీట్‌సింక్ స్క్రూల మీద 1, 2, 3, 4 అని రాసి ఉంటది, అదే వరుసల కొంచెం కొంచెంగ బిగించు. ఒక్కటే ముందు పూర్తిగ బిగిస్తే సింక్ ఓ పక్క లేస్తది, ఇంతకుముందు కంటె ఎక్కువ కాగుతది.

ర్యామ్ గూడ చూడు. టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమరీ కింద "స్లాట్స్ యూజ్డ్" అని ఉంటది. ఎంతున్నదో చెప్పు.

హన్మకొండ_ప్లేయర్2:
సారూ, 2ల 1 అని ఉన్నది. స్పీడ్ 1600. 99 పెట్టిన, అప్పటిసంది గంట ఆడినా వేగం పడిపోతలేదు, గరిష్ఠం 81 చూపిస్తుంది. కానీ సిటీ ఆఫ్ టియర్స్ అనే కాడ వాన పడుతుంటే మాత్రం ఇంకా మెల్లగనే ఉన్నది.

సోల్డరింగ్_సారు:
అది ర్యామ్ సంగతి. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండది, నీ 8 జీబీలోంచే తీసుకుంటది. ఒక్కటే స్టిక్ ఉంటే ప్రాసెసరూ గ్రాఫిక్సూ ఒకటే నల్లా కింద రెండు బిందెలు పెట్టినట్టు. 1600 వేగంల ఒక్క స్టిక్ సెకనుకు 12.8 జీబీ ఇస్తది, రెండుంటే 25.6. గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్‌ల ఇంత తక్కువ ఖర్చుల ఇంత తేడా ఇంకేదీ తేదు.

కొనేటప్పుడు డీడీఆర్3ఎల్ అని అడుగు, 1.35 వోల్టులది, ల్యాప్‌టాప్ సైజు, 204 పిన్నులు. ఎల్ లేని డీడీఆర్3 1.5 వోల్టులది, మీ దాంట్ల అసలు ఆన్ కాకపోవచ్చు. డీడీఆర్4 అయితే గాడే వేరేకాడ ఉంటది, పట్టదు. ఇంకో 8 జీబీ దొరికితే మేలు. 4 జీబీదే దొరికినా పెట్టు, 4కు 4 జతై అంతవరకు రెండు దారులల్ల నడుస్తది, మిగిలింది ఒక దారిల. పాత స్టిక్కులే ఎక్కువ దొరుకుతయి కాబట్టి, దుకాణంల పెట్టించి, ఆన్ చేసి, మొత్తం జీబీలు కనవడ్డంకనే పైసలియ్యి.

పెట్టేటప్పుడు చార్జర్ పీకి, బ్యాటరీ ఉంటే అది గూడ తీసి, పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కిపట్టు. స్టిక్‌ను ఏటవాలుగ, బంగారు రంగు పిన్నులు కనవడకుండ పోయేదాక దూర్చి, కిందికి ఒత్తితే రెండు పక్కల క్లిప్పులు టక్కుమంటయి. ఆన్ చేస్తే తెర నల్లగ ఉన్నదంటే నూటికి తొంభై సార్లు సరిగ కూసోలేదనే అర్థం, తీసి మళ్లీ పెట్టు. వచ్చినంక సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంల మెమరీ పేజీ తెరిస్తే చానెల్ దగ్గర డ్యూయల్ అని కనవడాలె.

అందాక హోలో నైట్ వీడియో సెట్టింగ్స్‌ల 1280 బై 720 పెట్టి, పార్టికల్ ఎఫెక్ట్స్, బ్లర్ క్వాలిటీ తక్కువ చెయ్. వాన కాడ తేడా తెలుస్తది.

గోదావరిఖని_గ్రైండ్:
ఇగ ఏం కొనాలె అంటే, నీ మిషన్‌కు, నీ డేటాకు నా వరుస గిది. స్టార్‌డ్యూ వ్యాలీ మొదలు. 2016ది, ఒక్కడే మనిషి ఎరిక్ బరోన్ చేసిండు, 500 ఎంబీ, 2 జీబీ ర్యామ్ చాలు, నీ హార్డ్‌డిస్క్ మీద గూడ నిమ్మళంగ నడుస్తది. పొలం పని, చేపలు, గని, ఊరోళ్లతో దోస్తీ. 1.5 అప్‌డేట్ సంది ఒకటే తెర మీద ఇద్దరు ఆడొచ్చు, ఒకరికి కీబోర్డు, ఇంకొకరికి కంట్రోలర్. రెండోది టెర్రారియా, 2011ది, స్టీమ్‌ల పది లక్షలకు పైగ పాజిటివ్ రివ్యూలున్న గేమ్. సైజు చిన్నదే గని ఆట మస్తు పెద్దది. అందుల ఓ ఇబ్బంది: ఫ్రేమ్ స్కిప్ ఆఫ్ ఉండి, వేగం సెకనుకు 60 ఫ్రేముల కింద పడితే ఆట మొత్తం స్లోమోషన్‌ల పోతది, జనం ల్యాగ్ అనుకొని రిఫండ్ అడుగుతరు. వీడియోల ఫ్రేమ్ స్కిప్ ఆన్ చేసి, లైటింగ్ కలర్ నుంచి రెట్రోకు మార్చు. సెలెస్ట్ 1.2 జీబీ, ఇంటెల్ హెచ్‌డీ 4000కే చేసినట్టు ఉంటది. పోర్టల్ 2 దాదాపు 8 జీబీ, 2011దైనా బుర్రకు పని చెప్పుడుల దానికి సాటి లేదు, సేల్‌ల చాయ్ సమోసా పైసలకు వస్తది. హేడిస్ మాత్రం రెండో ర్యామ్ పడ్డంకనే.

పెద్ద సేల్‌లు జూన్ చివర ఒకటి, డిసెంబర్ మూడో వారం ఒకటి ఖాయం. అప్పటిదాక విష్‌లిస్ట్‌ల వేసుకో, మెయిల్ వస్తది.

డేటాకు: స్టీమ్ డౌన్‌లోడ్ ఎక్కడ ఆగితే అక్కణ్నుంచే మొదలైతది, కాబట్టి 8 జీబీదైనా రోజింత దించుకోవచ్చు. అసలు డేటా తినేది అప్‌డేట్లు. ప్రతి గేమ్ ప్రాపర్టీస్‌ల అప్‌డేట్స్ కింద "గేమ్ తెరిచినప్పుడే" అన్నది పెట్టు. దోస్తు దగ్గర అదే గేమ్ ఉంటే ఇంకా మంచిది, ఇద్దరి సెట్టింగ్స్‌ల డౌన్‌లోడ్స్ కింద లోకల్ నెట్‌వర్క్ ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేసి, ఒకటే వైఫై మీద ఉంటే ఆ మిషన్ నుంచే నీ దాంట్లకు వస్తది. గేమ్ నువ్వు గూడ కొని ఉండాలె, అది తప్పదు.

హన్మకొండ_ప్లేయర్2:
స్టార్‌డ్యూ కొన్న అన్నా. మెటాక్రిటిక్‌ల 99 ఉన్న జెల్డా, ఒకారినా ఆఫ్ టైమ్, స్టీమ్‌ల దొరుకుతలేదేంది? ఇంకోటి, బ్యాటరీ లేదు కదా, కరెంట్ పోతే ఆట గతేంది?

పిక్సెల్_పాలకుర్తి:
అది నింటెండో గేమ్, 1998ల నింటెండో 64 కోసం వచ్చింది. వాళ్లవి స్టీమ్‌ల రావు. ఆ 99 విమర్శకుల సగటు, స్టీమ్ శాతంతోని పోల్చద్దు.

కాజీపేట_లోకో:
స్టార్‌డ్యూ నువ్వు పండుకున్నప్పుడే సేవ్ అయితది, నడుమల కాదు. ఆట లోపలి ఒక రోజు బయట దాదాపు 14 నిమిషాలు, కాబట్టి పోయినా ఆ ఒక్క రోజే పోతది. అసలు ప్రమాదం ఏంటంటే, సేవ్ అవుతున్న క్షణంలనే కరెంట్ పోతే ఫైల్ చెడుతది, తెల్లారి చూస్తే పొలం జాబితాల కనవడది. భయపడి కొత్తది మొదలుపెట్టకు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, పర్సెంట్ గుర్తుల నడుమ యాప్‌డేటా అని కొట్టు. స్టార్‌డ్యూవ్యాలీ, సేవ్స్, నీ పొలం పేరున్న ఫోల్డర్. అందుల పొలం పేరు ఫైల్, సేవ్‌గేమ్‌ఇన్ఫో, ఆ రెండిటికీ చివర "ఓల్డ్" అని తగిలించిన నకళ్లు ఉంటయి. మొత్తం ఫోల్డర్ ముందు పెన్‌డ్రైవ్‌లకు కాపీ చేసుకో. చెడిన రెండు ఫైళ్లను పక్కకు తీసి, ఓల్డ్ ఫైళ్ల పేర్ల చివరనున్న అండర్‌స్కోర్, ఓల్డ్ తీసెయ్. రెండూ మార్చాలె, ఒకటి మారిస్తే సరిపోదు. నిన్నటి రోజు వాపస్ వస్తది.

సోల్డరింగ్_సారు:
ఇంట్ల ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ఓ చిన్న స్విచ్ చూడు, కొన్నిట్ల యూపీఎస్ అనీ, ఎకో లేదా నార్మల్ అనీ ఉంటది. నార్మల్ మీద ఉంటే కరెంట్ పోయి ఇన్వర్టర్ అందుకునేలోపల బ్యాటరీ లేని ల్యాప్‌టాప్ ఆరిపోవచ్చు. యూపీఎస్ మీద పెడితే తొందరగ అందుకుంటది. అయితే లో వోల్టేజ్ ఎక్కువున్న వాడల్ల యూపీఎస్ మోడ్ మాటిమాటికి బ్యాటరీ మీదికి పోతది, ఆడినంక మళ్లీ నార్మల్‌కు మార్చు. ఇన్వర్టర్ లేకుంటే ల్యాప్‌టాప్ బ్యాటరీ కొత్తది వేయించుడే నయం. పార్ట్ నంబర్ పాత బ్యాటరీ అడుగున ఉంటది, వోల్టులు గూడ అదే ఉండాలె. పాతది ఉబ్బి ఉంటే లోపల ఉంచకు, ఇయ్యాల్నే తీసెయ్.