దోమ కడుపులోని రక్తం మాదా, గేదెలదా?

అమలాపురం రైతు:
మా పెరట్లో, పడకగదికి పది అడుగుల దూరంలో గొడ్ల సావిడి ఉంది. అందులో రెండు పాడిగేదెలున్నాయి. దాళ్వా నాట్లు పడినప్పటి నుంచి తెల్లవారేసరికి గది గోడమీద కడుపులు ఉబ్బి, ఎగరలేని దోమలు కనబడుతున్నాయి. చిదిమితే వేలికి రక్తం అంటుతోంది. అది ఎవరి రక్తమో తేల్చే మార్గం ఉందా? సావిడిని మార్చమని ఇంట్లో పోరు పెడుతున్నారు. గేదెలు దోమలను ఇంటికి రప్పిస్తున్నాయో, మా బదులు అవే కుట్టించుకుంటున్నాయో తేలకుండా మార్చడానికి నాకు మనసు రావడం లేదు.

ల్యాబ్ టెక్నీషియన్, కాకినాడ:
మార్గం ఉందండీ, అయితే కంటితో చూసి చెప్పగలిగేది కాదు. ఆడదోమ తాగిన రక్తం రెండు మూడు రోజుల్లో జీర్ణమైపోతుంది కనుక, కడుపు ఎర్రగా ఉండగానే పట్టి, వడపోత కాగితంపై నలిపి, ఆ మచ్చను ఆరబెట్టి దాచాలి. పూర్వం ఆ మచ్చను ఉప్పునీటిలో నానబెట్టి, మనిషికి, గొడ్డుకు, పందికి, కోడికి విడివిడిగా తయారుచేసిన సీరమ్‌లతో (ఆయా జంతువుల రక్తాన్ని గుర్తుపట్టే ద్రవాలతో) కలిపి, దేనితో తెల్లని తెర కడితే ఆ జంతువుదని నిర్ణయించేవారు. ఆ పద్ధతిలో ఆవునూ గేదెనూ విడదీయడం కష్టం. ఇప్పుడు డీఎన్‌ఏను ఎన్నో రెట్లు పెంచే పీసీఆర్ పరీక్షతో, ఒక్కో జంతువులో ఒక్కో తీరుగా ఉండే సైటోక్రోమ్ బి జన్యువును చదివి ఆ తేడా కూడా చెప్పగలరు. పక్షుల ఎర్రకణాల్లో కేంద్రకం ఉంటుంది, మన ఎర్రకణాల్లో ఉండదు. అందుకే కొంగను కుట్టిన దోమలో డీఎన్‌ఏ మరింత సులువుగా దొరుకుతుంది.

కీటకశాస్త్ర విద్యార్థి:
దోమను ఎక్కడ పట్టారన్నదే అసలు సంగతి, రైతుగారూ. సావిడిలో పట్టినవాటిలో గొడ్డు రక్తం, పడకగదిలో పట్టినవాటిలో మనిషి రక్తం ఎక్కువగా ఉండడం సహజం. ఒక్కచోటి దోమలతో తీర్పు చెబితే పొరపాటే. జాతినీ చూడాలి. వరిచేలో పెరిగే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ ముఖ్యంగా గొడ్లనూ పందులనూ కుడుతుంది. మురుగుకాలువలో పెరిగే క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్ మనిషి వెంటపడి, మన డెల్టాకు చిరపరిచితమైన బోదకాలును మోస్తుంది. వరిచేల దోమ మోసే మెదడువాపు వైరస్ పందుల్లో, కొంగల్లో పెరుగుతుంది గాని, మరో దోమకు అంటేంతగా గేదెల్లో పెరగదు. గది దోమలు మురుగు జాతివైతే సావిడిని జరిపినా ప్రయోజనం ఉండదు, కాలువను బాగుచేయించాలి.

అమలాపురం రైతు:
చాలా కృతజ్ఞతలు. రేపు తెల్లవారుజామునే సావిడి దోమలను, గది దోమలను వేర్వేరు సీసాల్లో పట్టి, మూతికి దూది పెట్టి, చోటు, వేళ చీటీపై రాసి అంటిస్తాను. ఫలితం వచ్చేదాకా సావిడిని కదపను.