తొమ్మిదో తరగతి ఇంగ్లిష్: హోంవర్క్ ఆలస్యమైతే సున్నా వేయడం సబబేనా?

పటమట నాన్న:
మా అమ్మాయి ఈ ఏడు తొమ్మిదికి వచ్చింది. విజయవాడలోనే ఒక సీబీఎస్‌ఈ బడి, పేరు అనవసరం. బడి తెరిచిన వారంలోనే ఇంగ్లిష్ మేడం ఏడాది మొత్తానికి రూల్స్ ఒక కాగితం మీద కొట్టించి, తల్లిదండ్రుల సంతకం తెమ్మన్నారు. హోంవర్క్ ఒకరోజు ఆలస్యమైతే 10 మార్కుల్లో 2 కోత, మూడు రోజులు దాటితే సున్నా. గైడులోంచో చాట్‌జీపీటీలోంచో ఎత్తిరాస్తే సున్నా, మళ్లీ రాసే అవకాశం లేదు. క్లాసులో తెలుగు మాట్లాడకూడదు. నెలకో కథల పుస్తకం చదివి ఒక పేజీ రాయాలి.

ముందే చెప్పడం నాకు నచ్చింది. కానీ ఆలస్యానికి సున్నా అంటే సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు. పిల్లకి ఇంగ్లిష్ ఎంత వచ్చిందో మార్కు చెప్పాలి. నోటుబుక్ బల్ల మీదకి ఏ రోజు వచ్చిందో దానికి మార్కు ఎందుకు? సీబీఎస్‌ఈలో 80 రాతపరీక్ష, 20 ఇంటర్నల్స్. ఆ 20లో 5 మార్కులు ఏడాది పొడుగునా చేసిన పనికే. అక్కడ పడే కోత ఊరికే పోదు. మీరేమంటారు?

బ్రాడీపేట అమ్మ:
మేడం చేసింది నూటికి నూరుపాళ్లు కరెక్టండి. 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిదో తరగతి దాకా ఎవర్నీ ఆపకుండా పైకి పంపే పద్ధతిలోనే మన పిల్లలంతా పెరిగారు. చదవకపోతే ఆగిపోతామన్న సంగతి వాళ్లకి మొదటిసారి ఎదురయ్యేది తొమ్మిదిలోనే. ఇక్కడ కూడా గడువు లేదంటే ఇంకెప్పుడు నేర్చుకుంటారు? మా గుంటూరులో మావాడికి ఏమీ అనని టీచరు దొరికిన ఏడు, వారం హోంవర్క్ అంతా ఆదివారం రాత్రి ఒక్కసారే కూర్చుని గీకేవాడు. ఏ పేజీ దగ్గర నిద్ర ముంచుకొచ్చిందో చేతిరాతే చెప్పేది. రోజూ నాలుగు లైన్లు రాసే పిల్లకీ వారానికోసారి ఇరవై పేజీలు గీకే పిల్లకీ ఒకే ఇంగ్లిష్ వస్తుందా?

జడ్పీ టీచర్, గుంటూరు జిల్లా:
నేను ఇంగ్లిషే చెప్తానండి, హైస్కూల్లో. అమ్మగారు రోజూ రాయాలన్నది నిజం. అయినా సున్నా వేయను.

మా ఊళ్లో సంక్రాంతి దాటితే మిర్చి కోతలు. క్లాసులో కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. అమ్మానాన్నలతో కోతకి పోయిన పిల్ల తిరిగొచ్చి నోటుబుక్ ఇస్తే, మూడు రోజులు దాటిందని సున్నా వేసి నేనేం నేర్పినట్టు? ఆ పిల్ల ఇంకోసారి నోటుబుక్కే తేదు.

నన్ను నిజంగా బాధపెట్టేది ఆలస్యం కాదు, గైడు. ‘మీ ఇంట్లో పెద్దవాళ్ల గురించి రాయండి’ అంటే నోటుబుక్కులన్నిట్లో ఒకే తాతయ్య. రోజూ పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తాడు, న్యూస్‌పేపర్ చదువుతాడు. కామాలు కూడా ఒకేచోట. అన్నీ టైముకే వచ్చాయి! రెండ్రోజులు ఆలస్యంగా ఒక అబ్బాయి ఇచ్చాడు: ‘మై ఫాదర్ గోయింగ్ మిర్చి యార్డ్ నైట్. బ్యాగ్స్ లిఫ్టింగ్. మార్నింగ్ కమింగ్, ఐస్ రెడ్.’ తప్పుల్లేని వాక్యం ఒక్కటీ లేదు. కానీ ప్రతి మాటా వాడిది. దాని మీద నేను గంటసేపు పాఠం చెప్పగలను. ఆ తాతయ్య మీద చెప్పడానికి నాకేముంది?

మార్కుల సంగతి కూడా చెప్తా. మన రాష్ట్రంలో పదో తరగతికి 20 మార్కుల ఇంటర్నల్స్ ఉండేవి. అందరికీ నిండుగా వేసేస్తున్నారన్న మాట పడి, 2019లో తీసేశారు. ఇప్పుడు ఇంగ్లిష్ పేపరు 100కి 100 రాతపరీక్షే, పాస్ కావాలంటే 35. నోటుబుక్ మార్కు మీద జనానికి నమ్మకం పోయింది. దాంట్లోకి క్రమశిక్షణ కూడా కలిపేస్తే ఆ మార్కు ఇంకెవరికీ అర్థం కాదు.

సింగ్‌నగర్ వాసి:
2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో పిల్లల పుస్తకాలన్నీ నీళ్లపాలయ్యాయి. అప్పుడు ఏ టీచరూ గడువు అడగలేదు, అందరూ అర్థం చేసుకున్నారు. నేనడిగేది మామూలు రోజుల సంగతి. మా బాబు బళ్లో హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. ఫోన్ ఒక్కటే, అది నా దగ్గర ఉంటుంది. నేను ఆటో పెట్టి ఇంటికొచ్చేసరికి రాత్రి పది. అప్పటికి వాడు నిద్రపోతాడు. ఆ మూడు రోజుల లెక్క ఎప్పటినుంచి మొదలుపెడతారు? వరదొస్తే ఊరంతా చూస్తుంది, ఇది ఎవరికీ కనిపించదు. వాడేమో మా ఇంట్లో ఫోన్ లేదని నలుగురిలో చెప్పుకోలేక మర్చిపోయానంటున్నాడు.

బ్రాడీపేట అమ్మ:
అన్నయ్యగారూ, ఫోన్ విషయంలో మీతో ఏకీభవిస్తా. హోంవర్క్ బోర్డు మీద రాయాలి, పిల్లలు డైరీలో ఎక్కించుకోవాలి. గ్రూపులో పెట్టి మార్కులు కోయడం అన్యాయం. కానీ టీచరు వైపు కూడా చూడండి. నాలుగైదు సెక్షన్ల నోటుబుక్కులు దిద్దే మనిషికి రోజుకో నాలుగు ఆలస్యంగా వస్తుంటే ఆమె ఇంటికి ఎప్పుడు పోవాలి? ఎవరిది నిజమైన కష్టమో, ఎవరిది బద్ధకమో రోజూ విచారించలేదుగా. సున్నా వద్దంటే వద్దు, కోత మాత్రం ఉండాల్సిందే.

బెంజ్ సర్కిల్ ట్యూషన్ మాస్టారు:
రెండు మాటలు. ఒకటి, ఇక్కడ ఐఐటీ ఫౌండేషన్ పేరుతో నడిచే తొమ్మిదో తరగతుల్లో ఇంగ్లిష్ పీరియడ్ లెక్కలకి పోతుంది. హోంవర్క్ అడిగే ఇంగ్లిష్ టీచరు దొరికినందుకు ముందు సంతోషించండి. రెండోది, తెలుగు మాట్లాడకూడదన్న రూలు. మీరంతా దాన్ని వదిలేశారు, నాకదే అన్నిటికంటే చేటనిపిస్తుంది. కొన్నిచోట్ల తెలుగు మాట్లాడితే ఫైన్ వేస్తారు, మెడలో అట్ట తగిలిస్తారు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం వర్తించేది పద్నాలుగేళ్ల దాకానే, తొమ్మిదో తరగతి పిల్లలు సరిగ్గా ఆ అంచున ఉంటారు. పుట్టినరోజు దాటగానే అవమానించొచ్చా? నా దగ్గరికి వచ్చే పిల్లల్లో నోరు మెదపనివాళ్లు ఎక్కువమంది ఇలాంటి బళ్లనుంచే వస్తారు. ఇంగ్లిష్ రాదు, తెలుగు కూడదు. ఇక మౌనంగా కూర్చోవడం అలవాటైపోయింది.

జడ్పీ టీచర్, గుంటూరు జిల్లా:
మాస్టారూ, మా క్లాసులో ముందు కథ తెలుగులో చెప్పిస్తా, తర్వాతే ఇంగ్లిష్‌లో రాయిస్తా. చెప్పడానికి విషయం దొరికాక మాటలు వెతుక్కుంటారు. మొదటి పది నిమిషాలు తెలుగు, తర్వాత ఎన్ని తప్పులొచ్చినా ఇంగ్లిషే. నవ్వినవాళ్లని మాత్రం ఊరుకోను.

ఎత్తిరాసినవాళ్లకి సున్నా వేసి వదిలేస్తే వాళ్లకే సుఖం, పని తప్పింది. నేను పక్కన కూర్చోబెట్టుకుని నా ఎదుటే ఐదు వాక్యాలు రాయిస్తా. చాట్‌జీపీటీతో రాసినవాడు కూడా అక్కడ తేలిపోతాడు.

పటమట నాన్న:
అందరికీ ధన్యవాదాలండి. సంతకం పెట్టాను, కింద మూడు లైన్లు రాశాను. ఆలస్యమైతే కోత 2 మార్కులతో ఆపమని, ఎత్తిరాసినవాళ్లతో క్లాసులోనే మళ్లీ రాయించమని, తెలుగు మాట్లాడితే శిక్ష ఏమిటో రాతపూర్వకంగా చెప్పమని. ఏం జవాబొస్తుందో ఇక్కడే రాస్తా. టీచరుగారూ, ఒక్కమాట. నెలకో పుస్తకమంటే ఎక్కడ తేవాలి? కొత్తవి కొనాలంటే ధర బాగా ఉంది.

జడ్పీ టీచర్, గుంటూరు జిల్లా:
మీకు లెనిన్ సెంటర్ ఉండగా దిగులెందుకండి, పాత పుస్తకాల షాపుల్లో బొమ్మలున్న పిల్లల ఇంగ్లిష్ కథలు అడగండి. అమ్మాయిని వెంట తీసుకెళ్లి తననే ఎంచుకోనివ్వండి. తొమ్మిదో తరగతి కదా అని లావు పుస్తకం కొనిపెట్టొద్దు. పేజీకి నాలుగైదు కంటే ఎక్కువ తెలియని మాటలుంటే పక్కన పెట్టి ఇంకోటి చూడమనండి.